వాయిదా తీర్మానం లేని సభలు

వ్యాపార్ విహార్, బిలాస్‌పూర్:

ఈ వారం లేఖను రాజధాని నుంచి కాక ఛత్తీస్‌గఢ్‌లోని ఈ రైల్వే పట్టణం నుంచి వ్రాస్తున్నందుకు పాఠకులు మన్నింతురు గాక. ఉభయ సభలు విరామంలో ఉన్నవి. బంధువుల ఇంట శుభకార్యం ఒకటి నన్ను ఇక్కడికి లాగింది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల వారు ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా, గార్డులుగా ఈ ఊరికి వచ్చి స్థిరపడినారు. వారి మనుమలకు తెలుగు మాట్లాడడం వచ్చును గాని చదవడం రాదు. అయినా పెళ్ళి పత్రిక మాత్రం తెలుగులోనే అచ్చువేస్తారు.

మా మేనమామ కుమారుడు ఇక్కడ వ్యాపార్ విహార్‌లో ఒక టోకు దుకాణంలో లెక్కలు చూస్తాడు. పెళ్ళి మరునాడు అతని వెంట దుకాణానికి వెళ్ళాను. ఇరుప్రక్కల లారీలు, పప్పుల బస్తాలు, బియ్యం బస్తాలు, వాటి నడుమ దారి చేసుకొని నడిచే హమాలీలు. ఏ టోకు బజారుకైనా ఇదే రూపం. గద్దెమీద కూర్చొని టీ త్రాగుతూ మాటల్లో మాటగా అడిగాను, రైల్వే జోన్ కోసం జరిగిన గొడవ అతనికి గుర్తున్నదా అని. అతడు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

“గుర్తుండకపోవడమేమిటి బావా, నేను కూడా ఉన్నాను గదా అందులో” అన్నాడు.

విషయం తెలియని పాఠకుల కొరకు కొంత పూర్వకథ చెప్పవలసి ఉన్నది. కోర్బా గనుల బొగ్గు బిలాస్‌పూర్ మీదుగానే దేశమంతటికీ పోతుంది. సరుకు రవాణా మీద రైల్వేలకు వచ్చే రాబడిలో ఈ డివిజన్ వాటా దేశంలోనే అగ్రశ్రేణిలో నిలుస్తుంది. కాని పరిపాలన మాత్రం చిరకాలం కలకత్తా గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే కార్యాలయం నుంచే సాగింది. కొత్త జోన్ల ప్రస్తావన వచ్చినప్పుడు బిలాస్‌పూర్‌కు చోటు ఉండదన్న అనుమానం ఊరిలో వ్యాపించింది. 1996 జనవరి 15న ఆందోళన హింసాత్మకమై రైల్వే ఆస్తులు తగలబడినవి. ఆ ఉద్యమంలో ముందు వరుసన ఉన్నది విద్యార్థులు, యువకులు. అదే సంవత్సరం కేంద్రం ఆరు కొత్త జోన్లను ప్రకటించింది. అందులో బిలాస్‌పూర్ లేదు. 1998లో గాని ఏడవదిగా దీని పేరు చేరలేదు. ఆగ్నేయ మధ్య రైల్వే 2003 ఏప్రిల్‌లో పనిచేయడం మొదలుపెట్టింది.

ఇది చరిత్ర. దుకాణంలో నేను విన్నది వేరొక కథ. “ప్రొద్దున్న మేం పదిమందిమి పట్టాలమీద కూర్చుందామనుకొన్నాం. మా కాలేజీ సంఘం సమావేశం పిలిచి, తీర్మానం చేసి, ప్రిన్సిపాలుగారి అనుమతి తెచ్చుకొనేసరికి సెలవులు వస్తాయి. అందుకని ఎవరినీ అడగలేదు. మధ్యాహ్నానికి స్టేషన్ దగ్గర ఎవరు విద్యార్థో, ఎవరు కాదో తెలియలేదు. మొదట రాయి వేసిందెవరో ఈనాటికీ నాకు తెలియదు. ఆపండర్రా అని అరిచేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆపమంటే ఆగేటంత మాట చెల్లే మనిషి ఒక్కడు లేడు.”

మా మామయ్య రైల్వేలో గార్డు. కొడుకు ఊరేగింపులో ఉండగా తండ్రి యూనిఫారంలో డ్యూటీలో ఉన్నాడు. ఆ రాత్రి ఇంటికి వచ్చి మూడు రోజులు కొడుకుతో మాట్లాడలేదట. నాల్గవ రోజున ఒకే ప్రశ్న అడిగాడట: “మీ తరఫున మాట్లాడడానికి ఎవరిని పంపారురా?” దానికి కొడుకు వద్ద సమాధానం లేకపోయింది. ఇన్నేళ్ళ తరువాత ఆ ప్రశ్న నాకు చెబుతున్నప్పుడు కూడా అతడు తల దించుకొన్నాడు.

తరువాత అతడు నన్ను ఎదురు ప్రశ్న వేశాడు. “నువ్వు ఢిల్లీలో కూర్చుని రోజూ చూస్తావు గదా బావా. మీ పార్లమెంటులో ఏదైనా అప్పటికప్పుడు మాట్లాడవలసి వస్తే ఏం చేస్తారు?”

పార్లమెంటు విలేఖరికి ఇంతకంటె సులభమైన ప్రశ్న ఉండదు. లోక్‌సభలో వాయిదా తీర్మానమున్నది. ఉదయం 10 గంటల లోపల నోటీసు ఇవ్వాలి. విషయం ఒకటే అయి ఉండాలి, నిర్దిష్టంగా ఉండాలి, ఇటీవల జరిగినదై ఉండాలి, ప్రజా ప్రాముఖ్యం కలిగి తక్షణ స్వభావం కలదై ఉండాలి. స్పీకర్ సమ్మతించాలి, సభలో ఎవరైనా అభ్యంతరం చెబితే కనీసం 50 మంది సభ్యులు లేచి నిలబడాలి. అప్పుడు ఆనాటి కార్యక్రమాన్ని ప్రక్కకు పెట్టి రెండున్నర గంటలకు తక్కువ కాకుండా చర్చిస్తారు. అంత తీవ్రత లేని వాటికి సావధాన తీర్మానం ఉన్నది. మంత్రి ప్రకటన చేస్తాడు, సభ్యులు వివరణలు అడుగుతారు. 1954 నుంచి అమలులో ఉన్న ఈ పద్ధతి మన పార్లమెంటు స్వంత సృష్టి అని చెప్పుకొంటారు. రాజ్యసభలో 267వ నిబంధన క్రింద ఆనాటి కార్యక్రమాన్ని నిలిపివేయమని కోరవచ్చు. ఇవేవీ కుదరకపోతే, నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేని జీరో అవర్ ఎలాగూ ఉన్నది.

ఈ నోటీసులలో నూటికి తొంభై తిరస్కరణకే పుట్టినవని నేను ఎరుగుదును. 267 క్రింద వచ్చిన నోటీసులను ఎన్నింటినో తోసిపుచ్చిన రాజ్యసభ అధ్యక్షులలో మన ముప్పవరపు వెంకయ్యనాయుడు ఒకరు. 1973–74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘానికి ఆయన అధ్యక్షుడు. జై ఆంధ్ర ఉద్యమంలో ఊరూరా తిరిగిన వక్త. తక్షణం అన్న మాట బరువు ఏమిటో ఇరువైపుల నుంచి తెలిసిన మనిషి. అయితే తిరస్కరించినా, నోటీసు వచ్చిందని సభాధ్యక్షుడు ప్రకటిస్తాడు. తిరస్కరించినది ఎవరో, ఏ నిబంధన క్రిందనో, ఏ రోజుననో నమోదు అవుతుంది. కాదన్న వాని పేరు కాగితంమీద ఉండడం ఎంత పెద్ద రక్షణో, అది లేనిచోట గాని తెలియదు.

విద్యార్థి సంఘాల నియమావళులలో ఇటువంటిది అరుదు. ఎన్నిక ఎలా జరపాలో ఉంటుంది, అధ్యక్షుడు, కార్యదర్శి ఏమి చేయాలో ఉంటుంది, వార్షికోత్సవం ఖర్చు ఎవరు సంతకం చేయాలో తప్పక ఉంటుంది. ఒక రాత్రి హాస్టల్లో నీరు త్రాగి ఏబది మంది జబ్బుపడితే సమావేశాన్ని ఎన్ని గంటలలోగా పిలవాలి, ఎంతమంది హాజరు కావాలి, అధికారుల వద్దకు ఎవరు వెళ్ళాలి, వారు తెచ్చిన మాటను ఎవరు ఆమోదించాలి, సమ్మె ఆపే అధికారం ఎవరిది? ఈ ప్రశ్నల ఊసు కొద్ది విశ్వవిద్యాలయాలలో తప్ప కనిపించదు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఆ కొద్దిలో ఒకటి. అక్కడ విభాగాల స్థాయిలోనూ, విశ్వవిద్యాలయం మొత్తానికీ సర్వసభ్య సమావేశాలు ఉన్నవి; రాత్రి భోజనాల తరువాత మొదలై తెల్లవారే వరకు సాగిన ఖ్యాతి వాటికున్నది. అక్కడ ఎన్నికలను నడిపేది కూడా విద్యార్థులు ఏర్పరచుకొన్న ఎన్నికల సంఘమే. మరి ఆ సమావేశాలలో ఆఫ్రికా సమస్యకు పట్టినంత సమయం కొళాయి సమస్యకు పట్టదన్న విమర్శ కూడా లేకపోలేదు. నేనొకసారి స్వయంగా ఆ ఆవరణలో ఉపన్యాసాలు వింటూ నిద్రపోయాను.

లింగ్డో కమిటీ పేరు పాఠకులు విన్నదే. సుప్రీంకోర్టు ఆదేశంపై కేంద్ర మానవ వనరుల శాఖ నియమించిన ఆ కమిటీకి మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షుడు. 2006 మే నెలలో నివేదిక వచ్చింది. సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు దాని సిఫార్సులను అమలు చేయమన్నది. అభ్యర్థి 5,000 రూపాయలకు మించి ఖర్చు చేయరాదు, అచ్చు పోస్టర్లు వేయరాదు, 75 శాతం హాజరు ఉండాలి, విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాలలో ఎన్నిక ముగియాలి. ఎన్నికల కమిషనర్‌గా పనిచేసిన పెద్దమనిషి వ్రాసిన నివేదిక గనుక అందులో ఎన్నిక గురించి అంతా ఉన్నది. అధ్యక్షపదవి ఖాళీ అయితే ఏమి చేయాలో కూడా ఉన్నది. ఎన్నికైన సంఘం మరునాటి నుంచి ఏమి చేయాలి, ఆపద వచ్చిన నాడు ఎలా నడచుకోవాలి అన్నదానిపై ఉన్నది మాత్రం స్వల్పం. ఆ నివేదిక వచ్చిన కొద్ది నెలలకే, 2006 ఆగస్టులో, ఉజ్జయినిలో విద్యార్థి ఎన్నికల గొడవలో ఆచార్య సభర్వాల్ మరణించడం దేశాన్ని కలతపెట్టింది. అప్పటి నుంచి ప్రభుత్వాల దృష్టి అంతా ఎన్నికను ఎలా తప్పించాలన్న దానిపైకే పోయింది. ఈ ఛత్తీస్‌గఢ్‌లో ఒకప్పుడు ప్రత్యక్ష ఎన్నిక, మరొకప్పుడు మార్కులనుబట్టి నామినేషన్. మార్కులు ఎక్కువ వచ్చిన అమ్మాయిని అధ్యక్షురాలిగా వేస్తే ఆమె బాగా చదువుకొంటుంది. అర్ధరాత్రి హాస్టల్లో జ్వరాలు ప్రబలితే ఆమె తలుపు ఎవరు తట్టాలి?

మన సంగతి ఇంతకంటె ఘనమైనదేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో, ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో, విద్యార్థి సంఘాల ఎన్నికలు నిలిచిపోయినవి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటివి ఆ పరిధిలోనివి కావు. తక్కిన రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఆ తరువాత ఎన్ని ప్రభుత్వాలు మారినా, రాష్ట్రమే రెండైనా, ఎన్నికలు తిరిగి రాలేదు. జార్జిరెడ్డి 1972లో హత్యకు గురైన ఉస్మానియా ఆవరణ, 1966లో ఉక్కు కర్మాగారం కోసం విశాఖ వీధులలోకి వచ్చిన విద్యార్థుల ఆవరణ, ఇవన్నీ హింసను చూసినవేనన్నది నిజం. హింస ఉన్నది గనుక సంఘం వద్దన్నారు. సంఘం పోయిన తరువాత హింస పోయిందా అన్న విచారణ మాత్రం ఎవ్వరూ చేయలేదు.

నేను ఆంగ్ల సాహిత్యం చదువుకొన్నది ఆ నిషేధం వచ్చిన తరువాతి రోజులలోనే. విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అనవసరం. ఒక వేసవిలో మా హాస్టల్లో ఒకరి తరువాత ఒకరికి పచ్చకామెర్లు సోకినవి. నీళ్ళ ట్యాంకు మూత తీసి చూసిన వాళ్ళు అందులో చచ్చిన పావురాలను చూశారు. వార్డెన్‌కు లేఖ వ్రాద్దామన్నాం. మొదటి సంతకం ఎవరు చేస్తారన్న వద్దనే ఒక రాత్రి గడచింది. చివరకు సంతకాలన్నీ గుండ్రంగా చేశాం, మొదటివాడు ఎవడో తెలియకుండా. ఆ కాగితాన్ని త్రిప్పి త్రిప్పి చూసి వార్డెన్ అడిగాడు, “మీ నాయకుడెవడు?” అని. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకొన్నాం. మూడవ రోజు రాత్రి కార్యాలయం అద్దాలు పగిలినవి. పోలీసులు వచ్చారు. ఇద్దరిని సస్పెండ్ చేశారు. ఆ ఇద్దరూ ఆ రాత్రి నా గది ప్రక్క గదిలో జ్వరంతో పడుకొని ఉన్నారు. మరునాడు ట్యాంకు కడిగారు.

ఆ ట్యాంకును మొదటి రోజే కడగవచ్చు. మాకు సంఘం ఉంటే తప్పక కడిగేవారని నేను చెప్పలేను. కాని ఆ ఇద్దరి చదువు పోయేది కాదని మాత్రం చెప్పగలను.

సంఘం లేనిచోట అత్యవసరం తనకు కావలసిన సంఘాన్ని తానే పుట్టించుకొంటుంది. 1973 డిసెంబర్‌లో అహ్మదాబాద్ ఎల్.డి. ఇంజనీరింగ్ కళాశాలలో మెస్ చార్జీలు పెంచినందుకు మొదలైన అలజడి నవనిర్మాణ ఉద్యమమై, 1974 ఫిబ్రవరి 9న ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ చేత రాజీనామా చేయించింది. భోజనం ధర నుంచి శాసనసభ రద్దు వరకు మూడు నెలలైనా పట్టలేదు. ఉస్మానియాలో 2009 నవంబర్ చివరి రోజులు మన పాఠకులకు నేను గుర్తుచేయనవసరం లేదు. నవంబర్ 29న కె. చంద్రశేఖరరావు దీక్షకు బయలుదేరి అరెస్టయ్యారు. ఇరవై యేండ్లకు పైగా ఎన్నికైన సంఘం లేని ఆ విశ్వవిద్యాలయంలో ఐక్య కార్యాచరణ సమితి ఒకటి పుట్టి ఉద్యమ కేంద్రమైపోయింది. డిసెంబర్ 9 రాత్రి హోంమంత్రి చిదంబరం ప్రకటన వెలువడినప్పుడు ఢిల్లీలో మాలో పలువురం ఒకరినొకరు అడుగుకొన్న ప్రశ్న ఇది: సమితి తరఫున రేపు మాట్లాడేది ఎవరు? సమితిలోనే సమితులు ఏర్పడుతున్న వార్తలు తరువాత వస్తూనే ఉండేవి. ఎవరు ఎవరిని ఎన్నుకొన్నారన్న లెక్క లేనప్పుడు చీలికకు కూడా నియమం ఉండదు.

ఎన్నికైన సంఘం ఉంటే అన్నీ సవ్యంగా ఉంటాయని వాదించడం నా ఉద్దేశం కాదు. 2016 జనవరిలో రోహిత్ వేముల మరణించిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎన్నికైన సంఘం ఉన్నది. అయినా ఆ ఉద్యమాన్ని నడిపింది సామాజిక న్యాయం కోసం ఏర్పడిన ఐక్య కార్యాచరణ సమితి. సస్పెన్షన్‌కు గురైన ఐదుగురు పరిశోధకులు అంతకు ముందు వారాల తరబడి ఆరుబయట గుడారంలో ఉన్నారు. ఆ వారాలలో ఆ విషయాన్ని తక్షణ సమస్యగా మార్చగల వేదిక ఎందుకు లేకపోయిందన్నది తరువాత వచ్చిన రాజకీయ రభసలో ఎవరికీ పట్టలేదు. ఇక అస్సాం విద్యార్థి సంఘం ఆరేండ్లు ఉద్యమం నడిపి 1985 ఆగస్టు 15న భారత ప్రభుత్వంతో ఒప్పందంపై సంతకం చేసింది. ఆ సంవత్సరమే దాని అధ్యక్షుడు ప్రఫుల్లకుమార్ మహంత ముఖ్యమంత్రి అయ్యాడు. అంతటి నిర్మాణం గల ఉద్యమపు నడిమధ్యనే 1983లో నెల్లీ ఊచకోత కూడా జరిగింది. ఇదంతా తెలిసి వ్రాస్తున్నాను.

అయినా బాసర విషయం తలచుకొన్నప్పుడు నా అభిప్రాయం గట్టిపడుతుంది. నిర్మల్ జిల్లా బాసరలోని ట్రిపుల్ ఐటీలో పదవ తరగతి పూర్తిచేసిన గ్రామీణ పిల్లలు చేరుతారు; ఆరేండ్ల చదువు. అంటే అక్కడ పదహారేండ్ల పిల్లవాడు, ఇరవైరెండేండ్ల యువకుడు ఒకే మెస్‌లో తింటారు. 2022 జూన్ 14న వేలాది విద్యార్థులు తరగతులు మాని ప్రధాన ద్వారం వద్ద కూర్చున్నారు. పన్నెండు కోర్కెలు. శాశ్వత ఉపకులపతి కావాలన్నది ముఖ్యమైనది. మెస్ భోజనం, అధ్యాపకుల కొరత, ల్యాప్‌టాపులు, గ్రంథాలయం తరువాతివి. ఈ ఉద్యమాన్ని నడిపించినది విద్యార్థి పాలక మండలి. వరుసలు తీరి కూర్చున్నారు, ఎండలో గొడుగులు పట్టుకొని కూర్చున్నారు, వానలో తడుస్తూ కూర్చున్నారు. ఒక్క అద్దం పగలలేదు. రాజకీయ పక్షాల వారు లోపలికి రావడానికి చేసిన ప్రయత్నాలు తక్కువేమీ కావు. అప్పటి ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షుడు, తరువాత ముఖ్యమంత్రి అయిన రేవంత్‌రెడ్డి గోడ దూకి వెళ్ళి అరెస్టయ్యారు. పిల్లలు మాత్రం తమ కోర్కెల కాగితాన్ని ఏ జెండాకూ ఇవ్వలేదు. జూన్ 20 రాత్రి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి స్వయంగా వచ్చి మండలి ప్రతినిధులతో మాట్లాడిన తరువాత ఆందోళన విరమించారు. వేల మంది పిల్లలు వారం రోజులు కూర్చొని, తమ ప్రతినిధులు వచ్చి విరమిద్దామంటే లేచి వెళ్ళడం చిన్న విషయం కాదు. బిలాస్‌పూర్ స్టేషన్ వద్ద మా బావమరిది వెదికిన మనిషి బాసరలో ఉన్నాడు.

కాని ఆ తరువాతి కథ కూడా చెప్పాలి. నెల తిరగక ముందే, జూలై 15న, అదే విద్యాలయంలో మధ్యాహ్న భోజనం వికటించి వందలాది విద్యార్థులు అస్వస్థులైనారు. జూన్‌లో ఇచ్చిన పన్నెండు కోర్కెలలో మెస్ ఉన్నది. హామీ ఇచ్చిన మంత్రి ఉన్నది, విన్న మండలి ఉన్నది. ఆ హామీ అమలును ఏ తేదీన, ఎవరి ఎదుట, ఎవరు సమీక్షించాలన్న మాట ఒప్పందంలో లేదు. పార్లమెంటులో మంత్రి ఇచ్చిన హామీలను వెంటాడడానికి ప్రభుత్వ హామీల సంఘం అనేది ఒకటి ఉన్నది. అదీ ఆలస్యంగానే పనిచేస్తుంది, అయినా మంత్రి నోట వచ్చిన “పరిశీలిస్తాం” అన్న మాటను కూడా లెక్క వ్రాసుకొంటుంది. పదహారేండ్ల పిల్లలకు ఆ సదుపాయం ఎవరు కల్పించాలి? మండలికి చట్టంలో చోటు లేనప్పుడు దాని ప్రతినిధులు రేపు అధికారుల దృష్టిలో క్రమశిక్షణ తప్పిన విద్యార్థులే గాని, ఒప్పందంలో రెండవ పక్షం కారు.

ఢిల్లీ కథ కూడా ఒక్క మాట. 2024 జూలై 27న రాజేంద్రనగర్‌లో ఒక కోచింగ్ కేంద్రం నేలమాళిగలోని గ్రంథాలయంలోకి వాననీరు ముంచెత్తి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు మరణించారు. రెండవ రోజుననే రాజ్యసభలో స్వల్పకాలిక చర్చ జరిగింది. గ్యాలరీ నుంచి ఆ చర్చ విన్నాను; మన సభలు తలచుకొంటే ఎంత వేగంగా కదలగలవో ఆ రోజు చూశాను. సాయంత్రం రాజేంద్రనగర్ వెళితే వందలాది యువతీ యువకులు రోడ్డుమీద కూర్చొని ఉన్నారు. వారిలో తెలుగు వారు చాలామంది. “అధికారులు మాట్లాడదాం రమ్మంటున్నారు సార్, ఎవరు వెళ్ళాలో తేలడం లేదు. వెళ్ళినవాణ్ణి అమ్ముడుపోయాడంటారు” అన్నాడు ఒక కడప కుర్రాడు. వారు ఏ విశ్వవిద్యాలయం విద్యార్థులూ కారు, గనుక వారికి ఏ సంఘమూ లేదు. సంఘం ఉన్న ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అదే సంవత్సరం సెప్టెంబర్ 27న ఎన్నిక జరిగితే, గోడలనిండా పోస్టర్లు, రంగులు పూసి పాడుచేశారని హైకోర్టు లెక్కింపును నిలిపివేసింది. నవంబర్ 25న గాని ఫలితాలు రాలేదు. ఆ రెండు నెలల్లో ఆ విద్యార్థులకు తక్షణ సమస్యలేవీ రాలేదని అనుకోవాలి.

విశాఖపట్నం రైల్వే జోన్ సంగతి బిలాస్‌పూర్‌లో కూర్చొని మరచిపోవడం కష్టం. పునర్విభజన చట్టం 2014లో వచ్చింది. కొత్త జోన్ ఏర్పాటును ఆరు నెలల్లో పరిశీలించాలని దానిలో వ్రాశారు. దక్షిణ కోస్తా రైల్వే ప్రకటన 2019 ఫిబ్రవరి 27న వచ్చింది. ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. బిలాస్‌పూర్ తగలబడి సాధించిందని, విశాఖ ఓపికపట్టి ఆలస్యం చేసుకొన్నదని మన మిత్రులు కొందరు నాతో అంటుంటారు. ఆ లెక్క నాకు అంగీకారం కాదు. ఇక్కడ కూడా 1996లో మంట, 2003లో జోన్. మధ్య ఏడు సంవత్సరాలు. మంటకు ఢిల్లీ ఉలిక్కిపడిన మాట నిజమే. జోన్ తెచ్చినది ఆ తరువాత ఏడేండ్లు విడవకుండా వినతిపత్రాలు పట్టుకొని రాజధానికి వచ్చినవారు. వారిలో కొందరిని నేను ఢిల్లీకి వచ్చిన కొత్తలో రైలు భవన్ మెట్లమీద చూశాను.

విద్యార్థులు, యువకులు, పౌరులు అన్న మాటలు పేరులో చేర్చుకొన్న జోన్ సంఘర్ష సమితి ఈ ఊరిలో తరువాత కూడా పనిచేస్తూ వచ్చింది. 2022 వేసవిలో బొగ్గు బండ్లకు దారి ఇవ్వడం కోసం ప్రయాణికుల బండ్లను రద్దు చేసినప్పుడు మళ్ళీ గొంతు విప్పినది ఈ ఊరి సంఘర్ష సమితులే. నాటి విద్యార్థులకు ఇప్పుడు ఏబది యేండ్లు. ఈనాటి కళాశాల విద్యార్థులు ఎవరైనా అందులో ఉన్నారా అని మా బావమరిదిని అడిగాను.

“పిలిస్తే వస్తారు బావా. ఎవరిని పిలవాలో మాకు తెలియదు. మా అబ్బాయి కాలేజీలో అధ్యక్షుడెవరని వాణ్ణే అడిగాను. నోటీసు బోర్డు చూసి చెబుతానన్నాడు.”

ఇంతలో లారీ ఒకటి వచ్చి నిలిచింది. అతడు జేబులోని కలం తీసి బస్తాలు లెక్కవేయడానికి లేచాడు.